పెళ్ళయి ఒడిశా వైపు వచ్చే ఉద్యోగినులు ముందే సర్దుకోవలసినవి

సోంపేట పిల్లని బరంపురం ఇవ్వడం, పార్వతీపురం పిల్ల రాయగడ కోడలవడం మన వైపు తరాలుగా ఉన్నదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యాక కూడా వియ్యాలు ఆగలేదు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం ఇంచుమించు పాతిక కిలోమీటర్లు, పాతపట్నం నుంచి పర్లాకిమిడి ఆటో దూరం. ఇంత దగ్గరే కదా అని సంబంధం మాట్లాడేటప్పుడు అమ్మాయి ఉద్యోగం సంగతి ఒక్క మాటతో తేల్చేస్తారు: "అక్కడా ఆసుపత్రులున్నాయి, స్కూళ్ళున్నాయి, దొరక్కపోదు." నిజమే, దొరుకుతుంది. కాకపోతే ఐదేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసిన పిల్ల కొత్తగా చేరేవాళ్ళ జీతానికి చేరుతుంది. హైస్కూలు లెక్కలు చెప్పిన టీచరు ఎల్‌కేజీ నుంచి మొదలుపెడుతుంది. విశాఖ నుంచి బరంపురం మారే మగవాడు మాత్రం పాత జీతం మీద ఎంత పెంచుతారని అడిగి మరీ వస్తాడు.

ఉద్యోగం మానెయ్యమని అత్తగారు అనడం ఇప్పుడు బాగా తగ్గింది. ఇప్పుడు అడ్డం పడేవి ఎక్కువగా కాగితాలే. రాష్ట్రం మారితే రిజిస్ట్రేషను, భాష, కులపత్రం, పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) అన్నిటికీ లెక్క మారుతుంది. ఇవన్నీ పుట్టింట్లో ఉండగా, పాత ఆఫీసు పక్కనే ఉండగా చేసుకుంటే తేలిక. పెళ్ళయ్యాక, కడుపుతో ఉండగా, సెలవు పెట్టి శ్రీకాకుళమో విజయవాడో తిరగాలంటే ఎవరికైనా విసుగొస్తుంది. అక్కడే చాలామంది వదిలేస్తారు.

మొదట పేరు. ఆంధ్ర వైపు సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరానికి కుదించి. ఒడిశా ఫారాల్లో ఇంటిపేరు చివర అడుగుతారు. దాంతో టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకొకలా, పీఎఫ్‌లో మరొకలా పడుతుంది. దానికి తోడు పెళ్ళయిన నెలలోనే ఆధార్‌లో భర్త ఇంటిపేరు తగిలించేస్తారు. అక్కడి నుంచి ప్రతి ఆన్‌లైన్ దరఖాస్తు దగ్గరా పేచీయే. పెళ్ళయితే ఆడది పేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. ఆధార్‌లో చిరునామా మార్చుకోవడానికి పేరు మార్చనక్కర్లేదు. కాబట్టి టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరునే అన్నిచోట్లా ఉంచండి, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయించండి. పెళ్ళి రిజిస్ట్రేషను సర్టిఫికెట్‌లో కూడా అదే స్పెల్లింగు పడేలా సంతకం పెట్టే ముందే చూసుకోండి. ఇప్పటికే మార్చేసి ఉంటే అఫిడవిట్ ఒక్కటే చాలని నోటరీ దగ్గర చెబుతారు గానీ ప్రభుత్వ నియామకాల్లో గెజిట్ ప్రకటన అడుగుతారు. ఆ గెజిట్ పేజీ నకలు జీవితాంతం ప్రతి దరఖాస్తుకీ జతచేయాల్సిందే.

తర్వాత వృత్తి రిజిస్ట్రేషను. నర్సులకి ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆంధ్ర నర్సింగ్ కౌన్సిల్లో నమోదైన పేరుతో ఒడిశా ప్రభుత్వ నర్సింగ్ పోస్టుకి అర్హత రాదు, ఒడిశా నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్లో నమోదు ఉండాలి. పాత కౌన్సిల్ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకుని ఇక్కడ నమోదు చేయించుకోవాలి. చదివిన కాలేజీ నుంచి మార్కుల జాబితాలు, కోర్సు పూర్తయిన పత్రం, ఒరిజినల్ రిజిస్ట్రేషను అన్నీ అడుగుతారు. ఎక్కువ ఆలస్యం కాలేజీ దగ్గరే: ఫీజు బాకీ అనో, ఒరిజినల్స్ హైదరాబాద్ బ్రాంచిలో ఉన్నాయనో తిప్పుతారు. అందుకే పెళ్ళి ముహూర్తం పెట్టుకున్న వారమే ఆ దరఖాస్తు పెట్టాలి. ప్రైవేటు నర్సింగ్ హోముల్లో ఈ రిజిస్ట్రేషను అడక్కుండానే చేర్చుకుంటారు. అది మంచితనం అనుకోకండి. రిజిస్ట్రేషను లేని నర్సుకి ఆయా కన్నా నాలుగు డబ్బులు ఎక్కువిస్తే చాలన్న లెక్క అది.

టీచర్లకి ఏ రాష్ట్రం టెట్ (టీచరు అర్హత పరీక్ష) ఆ రాష్ట్రానిదే. ఆంధ్ర టెట్‌తో ఒడిశా ప్రభుత్వ బడిలో పోస్టు రాదు, ఒడిశా టెట్, అంటే ఓటెట్ రాయాలి. మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఓటెట్‌లో మొదటి భాషగా తెలుగు ఎంచుకోవచ్చు. సెంట్రల్ టెట్ అయితే కేంద్రీయ విద్యాలయాల్లాంటి చోట్ల ఏ రాష్ట్రమైనా పనికొస్తుంది. 2021లో టెట్ సర్టిఫికెట్‌కి జీవితకాల చెల్లుబాటు ఇచ్చారు, 2011 నుంచి పాసైనవాళ్ళకీ అది వర్తిస్తుంది కాబట్టి పాతది పారేయకండి. బీఎడ్ ఉంది కదా ఒకటి నుంచి ఐదు తరగతులకి కూడా సరిపోతుందని ఇంకా నమ్మేవాళ్ళున్నారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. ప్రైమరీకి డీఎడ్ తరహా డిప్లొమా ఉండాలి.

వకీళ్ళకి దారి సులువు. అడ్వకేట్స్ చట్టం 18వ సెక్షను కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి దరఖాస్తు పెడితే ఒక రాష్ట్రం జాబితా నుంచి ఇంకో రాష్ట్రం జాబితాకి పేరు మారుస్తారు, ఆ మార్పుకి ఫీజు లేదని చట్టంలోనే ఉంది. క్రమశిక్షణ విచారణ ఏదైనా నడుస్తుంటే మాత్రం చిక్కు. ఈ వృత్తిలో ఆడవాళ్ళ కథకి ఒడిశాతో పాత లంకె ఉంది. కటక్‌కి చెందిన సుధాంశుబాల హాజ్రా వకీలుగా నమోదు చేయమని 1921లో అడిగితే ఆడవాళ్ళకి కుదరదని పట్నా హైకోర్టు తోసిపుచ్చింది. 1923లో కేంద్ర చట్టం వచ్చి ఆ అడ్డు తొలగించింది.

పీహెచ్‌డీ మధ్యలో పెళ్ళయితే సీటు వదులుకోవాలని అనుకోవద్దు. పెళ్ళి వల్ల ఊరు మారే పరిశోధక విద్యార్థిని తన పరిశోధనను కొత్త విశ్వవిద్యాలయానికి మార్చుకోవచ్చని యూజీసీ నిబంధనల్లో ఉంది. పాత గైడు, పాత సంస్థ పేరు థీసిస్‌లో చెప్పాలి. ఆ పని ఏదైనా నిధుల సంస్థ ప్రాజెక్టులో భాగమై ఉంటే మాత్రం కుదరదు. ప్రసూతి, పిల్లల సంరక్షణకి 240 రోజుల వరకు సెలవు, గడువులో రెండేళ్ళ అదనపు సడలింపు కూడా ఆడవాళ్ళకి ఉన్నాయి. బరంపురం యూనివర్సిటీలోనో, పర్లాకిమిడి, గుణుపురాల్లోని ప్రైవేటు యూనివర్సిటీల్లోనో గైడు ముందుగా ఒప్పుకున్నట్టు ఉత్తరం తెచ్చుకుని తర్వాత పాతచోట అడగండి. వరస తిరగేస్తే రెండిటికీ చెడతారు.

ఇక ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలు. వీటికి ఒడియా కావాలి. ఏడో తరగతి వరకు ఒడియా ఒక భాషగా చదివి పాసై ఉండాలి, లేదా టెన్త్‌లో ఒడియా ఉండాలి, లేదా అదే ఏడో తరగతి స్థాయిలో ప్రభుత్వం పెట్టే ఒడియా పరీక్ష పాసవ్వాలి. పెళ్ళయి వచ్చినవాళ్ళకి మిగిలేది ఆ మూడోదే. నోటిఫికేషను వచ్చాక చదువుదాం అనుకుంటే సరిపోదు, దరఖాస్తు చివరి తేదీకి ఆ పాస్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలని అడుగుతారు. నేర్చుకోవడం మరీ కష్టం కాదు. సంస్కృత పదాలు సగం తెలిసినవే, క్రియకి హిందీలోలా ఆడ మగ తేడా లేదు, మన "ళ" అక్షరం అక్కడా ఉంది. తెలుగువాళ్ళు తప్పేది రెండు చోట్ల. ఒకటి వత్తులు, జంటాక్షరాల రూపం. రెండోది మర్యాద: ఆపణ, తుమే, తు అని మూడు మెట్లున్నాయి. బజార్లో విన్న "తుమే"ని అధికారికి రాసే ఉత్తరంలో పెట్టేస్తారు. మాట్లాడటం వచ్చు కదా అని రాయడం వాయిదా వేసేవాళ్ళే ఎక్కువగా తప్పుతారు. ఒకటి నుంచి ఏడు వరకు ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తెచ్చుకుని రోజూ ఒక పేజీ చూచిరాత రాస్తే చెయ్యి తిరుగుతుంది.

కులపత్రం దగ్గర జరిగే తప్పు ఇంకా ఖరీదైనది. కులం పుట్టుకతో వస్తుంది, పెళ్ళితో మారదు. కాబట్టి కులపత్రం తండ్రి పేరు మీదే ఉండాలి. భర్త పేరుతో తహసిల్దారు ఆఫీసులో ఎవరైనా ఇప్పించినా ఎంపికయ్యాక పరిశీలనలో పోతుంది, కేసు కూడా అవ్వచ్చు. ఆంధ్ర తండ్రి పేరు మీద ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ పత్రం ఒడిశా రాష్ట్ర ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కి పనికిరాదు. తెనాలిలో పుట్టి బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు 1990లో తేల్చిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది: ఒక రాష్ట్రపు జాబితాలో ఉన్న కులానికి ఇంకో రాష్ట్రంలో వలస వచ్చినవాళ్ళకి ఆ హక్కు రాదు, రెండు జాబితాల్లోనూ కులం పేరు ఒకటే అయినా సరే. కేంద్ర ఉద్యోగాలకి మాత్రం సొంత రాష్ట్రపు పత్రం చెల్లుతుంది. ఒడిశాలో రాష్ట్ర వెనకబడిన తరగతుల పత్రాన్ని ఎస్‌ఈబీసీ అంటారు, కేంద్రానిది ఓబీసీ. ఒకటి బదులు ఇంకొకటి జతచేసి పోగొట్టుకునేవాళ్ళు ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళలోనూ ఉన్నారు.

ఇందులోనే మన ఆడవాళ్ళకి పనికొచ్చే మెలిక ఉంది. 1994 నిబంధనల ప్రకారం ఒడిశా ప్రభుత్వ ఖాళీల్లో మూడో వంతు ఆడవాళ్ళవి, అది ప్రతి వర్గంలోనూ అడ్డంగా కోసిన వాటా. అంటే జనరల్ పోస్టుల్లో కూడా మూడో వంతు ఆడవాళ్ళకే. కులపత్రం చెల్లదని దరఖాస్తే మానేసిన కోడళ్ళు ఈ వాటా సంగతి చూసుకోవాలి. నోటిఫికేషను‌లో నివాసం గురించి షరతు ఉందా, ఉంటే తహసిల్దారు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్ సరిపోతుందా అన్నది ముందు చదవండి. కేంద్ర ఓబీసీకి క్రీమీలేయర్ (పైస్థాయి కుటుంబాలని రిజర్వేషను నుంచి తీసేసే) లెక్క తల్లిదండ్రుల హోదా, ఆదాయం బట్టే చూస్తారు, భర్త జీతం కలపరు. ఈడబ్ల్యూఎస్‌కి (అగ్రవర్ణ పేదల కోటాకి) మాత్రం భర్త ఆదాయమూ కలుస్తుంది, ఏడాదికి 8 లక్షలు దాటితే పోతుంది. భర్త బ్యాంకు ఆఫీసరని ఓబీసీ వదులుకున్నవాళ్ళు, భర్త జీతం చెప్పకుండా ఈడబ్ల్యూఎస్ తీసుకున్నవాళ్ళు ఇద్దరూ తప్పు చేసినట్టే.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి బదిలీ ప్రశ్న. ఆంధ్ర రాష్ట్ర ఉద్యోగం ఒడిశాకి మారదు. భార్యాభర్తలని ఒకే ఊళ్ళో ఉంచాలని కేంద్ర ప్రభుత్వం 2009 సెప్టెంబరు 30న ఇచ్చిన ఉత్తర్వు కేంద్ర ఉద్యోగాలకి, ప్రభుత్వ బ్యాంకుల్లో పనిచేసే ఆడవాళ్ళని భర్త ఉన్న చోటికి వీలైనంత దగ్గరగా వేయాలని ఆర్థిక శాఖ 2014లో ఇచ్చిన సూచన బ్యాంకులకి ఉన్నాయి. రెండింటిలోనూ "వీలైనంత" అన్న మాట ఉంది కాబట్టి దరఖాస్తులో ఖాళీ ఉన్న బ్రాంచి పేరు రాసి అడిగితేనే కదులుతుంది. బ్యాంకు క్లర్కులని రాష్ట్రాలవారీగా, స్థానిక భాష చూసి తీసుకుంటారు. ఒడిశా ఖాళీకి ఒడియా చదవడం రాయడం రావాలి. సొంత కోరిక మీద రాష్ట్రం మారితే సీనియారిటీ అడుక్కి పోతుందని కూడా లెక్కలో పెట్టుకోండి. ఆ కారణంగానే కొందరు ఇచ్ఛాపురం, సోంపేట బ్రాంచికి మార్పించుకుని బరంపురం నుంచి రైల్లో తిరుగుతారు. అలిసిపోయే పనే, కానీ సర్వీసు పోదు. పదేళ్ళ సీనియారిటీ ఉన్నవాళ్ళకి నా ఓటు దానికే.

పాత ఉద్యోగం మానేటప్పుడు పీఎఫ్ తీసేసుకోవడం మన వైపు ఆనవాయితీ అయిపోయింది. పెళ్ళి ఖర్చుకి పనికొస్తుందని ఇంట్లోవాళ్ళే చెబుతారు. పీఎఫ్‌లో పింఛను భాగం కూడా తీసేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు చెరిగిపోతుంది. పింఛను రావాలంటే మొత్తం పదేళ్ళ సర్వీసు ఉండాలి. ఆరేళ్ళు విశాఖలో, నాలుగేళ్ళు రాయగడలో చేసినవాళ్ళకి పింఛను వస్తుంది. ఆ ఆరేళ్ళూ తీసేసుకున్నవాళ్ళు మళ్ళీ మొదటి ఏడాది నుంచి లెక్కపెట్టుకోవాలి. కొత్తచోట చేరేటప్పుడు ఇచ్చే ఫారం 11లో పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకి ఇచ్చే నంబరు) రాయండి. రాయకపోతే ఇంకో నంబరు పుడుతుంది, రెండూ కలపడం పెద్ద తలనొప్పి. పాత సంస్థ ఆఖరి లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలని వేతనాల కోడ్ చెబుతోంది. అనుభవ పత్రంలో హోదా, తేదీలు, చివరి జీతం మూడూ ఉండేలా రాయించుకోండి. కొత్తచోట జీతం మాట్లాడేటప్పుడు చూపించేది అదొక్కటే.

నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు యజమాని ఇష్టం కాదు, తప్పనిసరి. ఒకే రకం పనికి ఆడవాళ్ళకి తక్కువ ఇవ్వకూడదన్నది వేతనాల కోడ్‌లో ఉంది. 1976 చట్టం నుంచీ ఉన్న మాటే అది. అయినా తేడా ఎక్కడ దాక్కుంటుందంటే భత్యాల్లో. ఇద్దరికీ మూలవేతనం ఒకటే రాసి, మగ టెక్నీషియనుకి నైట్ భత్యం, పెట్రోలు ఖర్చు, ఫోను ఖర్చు కలుపుతారు. అందుకే చేరే ముందు "జీతం ఎంత" అనకుండా "ఈ హోదాకి ఏయే భత్యాలున్నాయి, అవి ఎవరెవరికి ఇస్తారు" అని అడగండి. జీతం బ్యాంకులోనే వేయమనండి. చేతికిచ్చే జీతానికి సాక్ష్యం ఉండదు, సాక్ష్యం లేని జీతం రేపు ప్రసూతి లెక్కలోకి రాదు.

రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో కాగితం, అల్యూమినా, ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీల్లో ఇంజినీర్లుగా చేరే ఆడపిల్లలకి రాత్రి షిఫ్టు విషయం విడిగా చెప్పాలి. ఉదయం 6కి ముందు, రాత్రి 7 తర్వాత ఆడవాళ్ళ చేత పని చేయించాలంటే వాళ్ళ ఒప్పుదల ఉండాలి, భద్రత ఏర్పాట్లు చేయాలి. ఈ ఏర్పాట్ల ఖర్చు తప్పించుకోవడానికి "అమ్మాయివి కదమ్మా, నీకు జనరల్ షిఫ్టే వేస్తాం" అని ప్రేమగా అంటారు. మూడేళ్ళ తర్వాత షిఫ్ట్ ఇంచార్జి పోస్టు వస్తుంది. రాత్రి షిఫ్టు నడిపిన అనుభవం ఉన్నవాళ్ళకే ఇస్తారు. లైనులో ఎదగాలని ఉంటే చేరిన మొదటి ఏడాదే ఒప్పుదల రాతపూర్వకంగా ఇచ్చి, ఇంటి గుమ్మం దాకా వాహనం, విశ్రాంతి గది అదే కాగితంలో అడగండి. వద్దనుకుంటే వద్దనొచ్చు, అది మీ హక్కే. నష్టమల్లా మీ తరఫున ఇంకొకరు వద్దనేసినప్పుడే.

ప్రసూతి సెలవు దగ్గర సరిహద్దు దాటినవాళ్ళకి ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. చట్టం ప్రకారం పదిమంది పనిచేసే సంస్థల్లో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, ఆ పైన 12 వారాలు జీతంతో సెలవు. షరతు ఒకటే: కాన్పు అనుకున్న తేదీకి ముందు 12 నెలల్లో ఆ సంస్థలో 80 రోజులు పనిచేసి ఉండాలి. ప్రొబేషను, కాంట్రాక్టు అన్నవి అడ్డం కావు. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రయోజనం ఆగదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. పెళ్ళయి వచ్చి కొత్తగా చేరి వెంటనే నెల తప్పినవాళ్ళకి ఈ 80 దగ్గరే లెక్క బిగుసుకుంటుంది. మే 1న చేరి ఆగస్టు 1 నుంచి సెలవు పెడితే 92 రోజులు. నెల జీతమైతే ఆదివారాలకీ జీతం ఉన్నట్టే కాబట్టి 92 లెక్కకొస్తాయి. రోజు కూలీ పద్ధతిలో ఆదివారం జీతం లేకపోతే 13 తీసేయాలి, 79 అవుతుంది, ఒక్క రోజు తక్కువ. కాన్పుకి ముందు 8 వారాలు తీసుకోవడం పరిమితి మాత్రమే, తప్పనిసరి కాదు. ఒంట్లో బాగుంటే ఇంకో వారం చేసి 80 దాటించి సెలవులోకి వెళ్ళండి. కాన్పయిన తర్వాత 6 వారాలు మాత్రం పని చేయించడం నేరం.

డబ్బు లెక్కలో కూడా ఆదివారాలు కాజేస్తారు. 26 వారాలంటే 182 రోజులు. కొందరు అకౌంటెంట్లు 26 ఆదివారాలు తీసేసి 156 రోజులకే కడతారు. ఆదివారాలు కలిపే ఇవ్వాలని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. కాన్పుకి ముందు కాలానికి డబ్బు ముందుగా, మిగతాది కాన్పు రుజువు ఇచ్చిన 48 గంటల్లో చెల్లించాలి. సంస్థ తన ఖర్చుతో వైద్యం చూపించకపోతే 3,500 రూపాయలు మెడికల్ బోనస్ వేరే. గర్భస్రావమైతే 6 వారాలు జీతంతో సెలవుంది. ఇది అడిగేవాళ్ళే లేరు, సొంత సెలవులు వాడేసుకుంటారు.

నెలకి 21,000 లోపు జీతం ఉండి ఈఎస్‌ఐ కోత పడుతుంటే డబ్బు యజమాని ఇవ్వడు, ఈఎస్‌ఐ ఇస్తుంది. అక్కడ లెక్క వేరు, చాలా నర్సింగ్ హోముల్లో గుమాస్తాలకే తెలియదు. కాన్పు జూలై నుంచి డిసెంబరు మధ్యలో అయితే అంతకు ముందు మార్చితో ముగిసిన రెండు అర్ధసంవత్సరాల్లో, అంటే ముందటేడు ఏప్రిల్ నుంచి ఈ ఏడు మార్చి వరకు, 70 రోజులకి చందా కట్టి ఉండాలి. కాన్పు జనవరి నుంచి జూన్ మధ్యలో అయితే సెప్టెంబరుతో ముగిసిన రెండు అర్ధసంవత్సరాలు చూస్తారు. అంటే మేలో బరంపురంలో చేరి సెప్టెంబరులో కన్నవాళ్ళకి ఇక్కడ కట్టిన చందా ఒక్క రూపాయి కూడా లెక్కకి రాదు! శ్రీకాకుళంలోనో విశాఖలోనో పాత ఉద్యోగంలో కట్టినదే ఆదుకోవాలి. అది కలవాలంటే పాత ఇన్సూరెన్స్ నంబరే కొత్త యజమానికి ఇవ్వాలి. ఆ నంబరు ఉద్యోగాలు మారినా, రాష్ట్రం మారినా ఒక్కటే. కొత్త నంబరు పుట్టించారా, పాత చందా అంతా గోడకి కొట్టిన సున్నమే.

దరఖాస్తు నోటితో చెప్పకండి. చేరిన తేదీ, కాన్పు అనుకున్న తేదీ, సెలవు మొదలయ్యే తేదీ, డబ్బు తీసుకోవలసిన నామినీ పేరు రాసి, డాక్టరు పత్రం జతచేసి, నకలు మీద సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సెలవులో ఉండగా తీసేసినా, తిరిగొచ్చాక హోదా తగ్గించినా లేబర్ ఆఫీసుకి వెళ్ళాలి. అక్కడికి వెళ్ళడం నామోషీ అనుకునేవాళ్ళకి ఒక మాట: కార్మిక సంఘాల్లో పనిచేసి కార్మిక మంత్రి అయి, రాష్ట్రపతి దాకా వెళ్ళిన వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ బరంపురంలోనే, మన తెలుగింట్లోనే. యాభైమంది, ఆ పైన ఉన్న సంస్థలో శిశుసంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళిరావచ్చు. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలిచ్చే విరామాలు రెండు.

వేధింపు ఫిర్యాదు గురించి కొద్దిగా. పదిమంది, ఆ పైన ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలని అందరికీ తెలుసు. యజమానే వేధిస్తే? ఈ ఊళ్ళల్లో ఆసుపత్రి యజమాని, పెద్ద డాక్టరు ఒక్కరే. స్కూలు కరస్పాండెంటూ అంతే. అప్పుడు, అలాగే పదిమంది లేని చోట, ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళాలి. గంజాం జిల్లా కేంద్రం బరంపురం కాదు, ఛత్రపురం. గజపతి జిల్లాకి పర్లాకిమిడి. ఫిర్యాదు ఆరు ప్రతులు, సాక్షుల పేర్లు చిరునామాలతో ఇవ్వాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి, వరసగా జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. తగిన కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా మూడు నెలల వరకు సెలవు అడగవచ్చు, అది మామూలు సెలవుల్లోంచి పోదు. వాట్సాప్ సందేశాలు ఫోనులోనే ఉంచి, ముద్రించిన ప్రతులు జతచేయండి. ఫోను మార్చేటప్పుడు పోగొట్టుకునే సాక్ష్యం ఇదే.

ఇటు నుంచి అటు వెళ్ళే మన బరంపురం, పర్లాకిమిడి అమ్మాయిలకి లెక్క తిరగబడుతుంది. ఆంధ్రలో రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం స్థానికత చదివిన చోటు బట్టి తేలుతుంది. టెన్త్‌తో ముగిసే నాలుగేళ్ళు ఒడిశాలో చదివితే డీఎస్సీ లాంటి వాటిలో స్థానికేతరులే, పెళ్ళితో స్థానికత రాదు. అందరికీ తెరిచిన కొద్ది పోస్టులకే పోటీ పడాలి. అందువల్ల కేంద్ర ఉద్యోగాలు, బ్యాంకులు వాళ్ళకి మెరుగు. బ్యాంకు క్లర్కు పోస్టుకి ఆంధ్ర ఎంచుకుంటే తెలుగు చదవడం రాయడం చూస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా, ఇంగ్లీషు మాత్రమే చదివినవాళ్ళు అక్షరాలు నేర్చుకోవడం ఇక్కడుండగానే మొదలుపెట్టాలి. దరఖాస్తులో ఒక్క రాష్ట్రమే ఎంచుకోనిస్తారు కాబట్టి పెళ్ళి ఖాయమయ్యాక, తేదీ పడకముందు నోటిఫికేషను వస్తే ఏ రాష్ట్రం పెట్టాలో కాబోయే భర్తతో కూర్చుని మాట్లాడుకుని పెట్టండి.